మడి కట్టుకున్న మట్టి

ఆ వీధిలో ఆయన్ని అందరూ వాయల బాబాయి అనే పిలిచేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాగితాలకే మిగిలిపోయింది. వయసులో ఉన్నన్నాళ్లూ రొట్టెల బట్టీలో పనిచేశాడు. ఎవరు ఎందుకు పిలిచినా "ఇంకొక్క వాయ తీసి వస్తా" అనేవాడు. పెళ్లిచూపులకు బయల్దేరమన్నా అదే మాట అన్నాడట. "రొట్టెలు బాగానే కాలాయి, సంబంధమే మాడిపోయింది" అని అక్క చెప్పి నవ్వేది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. బావ కాలం చేశాక అక్కాతమ్ముళ్లిద్దరే ఒకరికొకరుగా ఆ ఇంట్లో ఉండేవారు.

బట్టీ మూతపడ్డాక బాబాయికి దొరికిన పని మట్టిని కాల్చే పని. వినడానికి వింతగా ఉన్నా ఉన్నమాటే.

వీధి చివర ఒకప్పుడు ఒక కార్ఖానా ఉండేది. రైలు పట్టాల కింద వేసే దుంగలకు చెద పట్టకుండా నల్లనూనె తాగించేవారు. యజమానులు ఎప్పుడో వెళ్లిపోయారు గానీ నూనె మాత్రం ఎక్కడికీ పోలేదు. నేలలో ఇంకి, పల్లానికి జారి, గోడవతల ఉన్న అక్క పెరట్లోకి ఊరింది. ఎండాకాలం వస్తే మట్టి తారు వాసన కొట్టేది. పరీక్ష చేసిన వాళ్లు, ఈ నేలలో కాసింది నోట పెట్టొద్దని చెప్పి వెళ్లారు.

అక్కకు ఆ పెరడే లోకం. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని అటే వెళ్లేది. వీధిలో ఎవరింట్లో కూరకు లేకపోయినా ఆమె బీరపాదు దగ్గర ఒకసారి వంగేది. "తీసుకెళ్లవే, కాయ ముదిరితే దేవుడు నన్ను తిడతాడు" అంటూ ఒళ్లో వేసేది. అలాంటి మనిషి ఆ మాట విన్నాక పెరటి తలుపు గడియ వేసేసింది. కూరలు బజారు నుంచి వచ్చేవి. తినేది, కానీ తిన్నట్టు ఉండేది కాదు. రోజురోజుకీ ఆమె మాట తగ్గిపోవడం బాబాయి చూస్తూనే ఉన్నాడు.

అందుకే మట్టి బాగుచేసే మనుషులు వచ్చినప్పుడు అందరికన్నా ముందు వెళ్లి పనిలో చేరాడు. వాళ్లు తెచ్చింది వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఇనప డ్రమ్ము. అది మెల్లగా తిరుగుతుంటే ఒక చివర మట్టి పోసేవారు. లోపలి వేడికి నూనె ఆవిరయ్యేది. ఆ ఆవిరిని గొట్టంతో లాగి వేరే పొయ్యిలో కాల్చేసేవారు. రెండో చివర శుభ్రమైన మట్టి పొడిపొడిగా రాలేది. దాని మీద నీళ్లు చల్లి చల్లార్చడం బాబాయి పని. మట్టి కదా అనుకోలేదు ఆయన. రొట్టెలు చూసుకున్నంత ముద్దుగా చూసుకునేవాడు. "ఈ వాయ బాగా వచ్చిందండీ అమ్మాయిగారూ" అంటే ఆ పని చూసే ఇంజనీరమ్మ నవ్వేది.

రేపు తమ పెరటి మట్టి తవ్వుతారనగా అక్క ఆయన కంచంలో పెరుగు వేస్తూ అంది:

"ఒరేయ్ తమ్ముడూ, మన మట్టిని రెండు వాయలు వెయ్యి."

"ఒక్క వాయ చాలంటోందక్కా ఇంజనీరమ్మ."

"చేదుగింజలు ఒక్క ఉడుక్కే తిన్నామట్రా మనం?"

చిన్నప్పుడు వానలు లేని ఏడు, అమ్మ అడవి చిక్కుడు గింజలు ఏరుకొచ్చేది. నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడకబెట్టేది. పిల్లలు ఆకలితో కుండ చుట్టూ తిరుగుతుంటే పాటలా చెప్పేది: "విషం నీళ్లలోకి దిగాలి, నీళ్లు గుంటలోకి దిగాలి, అప్పుడే గింజ గొంతులోకి దిగాలి." చివరికి తనే ముందు తిని, పొద్దు వాలేదాకా చూసి, అప్పుడు పిల్లలకు పెట్టేది. ఆ గింజల రుచి గుర్తులేదు గానీ, అమ్మ అలా ఎదురుచూస్తూ కూర్చున్న గడప ఇద్దరికీ గుర్తే.

మర్నాడు బాబాయి అక్క మట్టిని రెండోసారి డ్రమ్ములో పోయమన్నాడు.

"మొదటిసారికే శుభ్రమైంది బాబాయిగారూ. ఇంకా కాలిస్తే ఉన్న కాస్త సారమూ పోతుంది" అంది ఇంజనీరమ్మ.

"మా అక్క మాటండీ."

"అయితే కానివ్వండి. ఆవిడంటే నాకూ భయమే."

రెండు వాయల మట్టి ఇటుకపొడిలా ఎర్రగా తిరిగొచ్చింది. అక్క తలుపు గడియ తీసింది. దేవుణ్ణి తలుచుకుని తోటకూర చల్లింది, బీర గింజలు గుచ్చింది. రోజూ చెంబుతో నీళ్లు పోసింది. వానలు కూడా పడ్డాయి. మట్టి పైన అట్ట కట్టింది తప్ప ఒక్క మొలకా రాలేదు.

రెండో పక్క గోడవతల నుంచి పక్కింటి కోళ్లావిడ తొంగిచూసింది. "విషం ఇంకా పోలేదేమో వదినా. మనకు తెలియకపోయినా మొక్కకు తెలీదూ!"

అక్క లోపలికొచ్చి మళ్లీ గడియ పెట్టింది. ఆ గడియ చప్పుడు బాబాయి గుండెలో పడింది. ఇక ఈ తలుపు తెరుచుకోదేమోనని మొదటిసారి భయం వేసి, చెప్పుల్లేకుండానే వెళ్లి ఇంజనీరమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

ఆమె పెరట్లో గొంతుక్కూర్చుని మట్టిని వేళ్లతో నలిపింది. "పరీక్షలో విషం చుక్క కూడా లేదమ్మా. అసలు ఏమీ లేదు. పురుగూ పుట్రా లేదు, ఆకుకుళ్లూ లేదు. మొక్కకు అన్నం పెట్టేవి అవే కదా."

అక్క ఫక్కున నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు.

"విన్నావుట్రా! కూరమడి కడదామని నేను మట్టి కాల్పిస్తే, అదే మడి కట్టుకుని కూర్చుంది! ఎవర్నీ అంటుకోదు, ఎవర్నీ అంటనివ్వదు." తర్వాత గొంతు తగ్గించింది. "ఉడికిన గింజ కడుపు నింపుతుంది గానీ మొలకెత్తుతుందా? అమ్మ చేతిలో అన్నిసార్లు చూసి కూడా మరిచాను. రెండో వాయ నేనే అడిగాను."

"వేసింది నేను కదక్కా."

"సరే, ఇద్దరం కలిసి దాని మడి చెడగొడదాం పద."

అడగడానికి బాబాయే ఇల్లిల్లూ తిరిగాడు. ఇన్నాళ్లూ ఆ పెరటి కూర తిన్న చేతులు ఒట్టిగా రాలేదు. పాలవాడు గంపెడు ఎరువు దింపి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లాడు. దర్జీ భార్య తన పూలకుండీ బోర్లించి వానపాములతో సహా ఆ మట్టి తెచ్చింది. మాస్టారు బడి ఆవరణలో చివికిన ఆకులు గోతాంలో మోసుకొచ్చాడు. చివరికి గోడ మీంచి ఒక తట్ట ప్రత్యక్షమైంది.

"మా కోళ్లగూటి వెనక మట్టి వదినా. వాసన చూడకు, వెయ్యి" అంది కోళ్లావిడ. ఆ రోజన్న మాటకు అదే ఆమె క్షమాపణ.

అన్నీ కలిపి, తడిపి, అక్క మళ్లీ విత్తింది. ఈసారి ముందుగా తలెత్తింది తోటకూరా కాదు, బీరా కాదు. కోళ్లావిడ తట్టలో వచ్చిన కలుపుమొక్క. ఆ కలుపు గోడ దాటి వస్తోందని ఆ వదినలిద్దరూ ఏళ్లతరబడి దెబ్బలాడుకున్నారు. బాబాయి అలవాటు చొప్పున వంగి దాన్ని పట్టుకున్నాడు.

"ఆగరా! ముందొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే గెంటేస్తావా?" అని అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. తర్వాత గోడ దగ్గరికెళ్లి కేకేసింది. "వదినా! మీ కలుపు మా పెరట్లో మొలిచిందోయ్!"

"ఆఁ, మొదలెట్టావూ! పీకేసుకో!" అంది అవతలి గొంతు.

"పీకను! బీర కాసేదాకా ఉండనీ!"

అక్క ఆ చిన్న ఆకుల మీద చెంబు మెల్లగా వంచింది. ఆమె వెనక పెరటి తలుపు బార్లా తెరిచే ఉంది. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తున్నా ఇద్దరిలో ఒక్కరూ లోపలికి కదల్లేదు.