గణపతి బరువు, మూరెడు మట్టి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు పుస్తకంలో చదివిందంతా కళ్లముందు కనబడుతూ ఉండేది. రోడ్డు మీద ఏ లారీ పోయినా దాని చక్రం బరువు మట్టిలోకి విచ్చుకుంటూ దిగుతున్నట్టే తోచేది. పైపు లోతుగా ఉంటే ఆ బరువు చుట్టూ పంచుకుపోతుంది, పైపైన ఉంటే దాని నెత్తినే పడుతుంది. శామీర్‌పేట దగ్గర ఒక బస్తీకి నేను వేయించిన నల్లా పైపు రెండో రకం. కింద బండ తగిలి మూరెడు లోతులోనే పూడ్చాం. మర్నాడే నీళ్లు వదలాలి. "పైపు పోతే నువ్వూ పోతవ్" అన్నారు మా పెద్దసారు (ఆయన ఆశీర్వాదాలన్నీ ఇలాగే ఉండేవి).

ఆ మధ్యాహ్నమే బస్తీ గణపతి లారీ ఎక్కి చెరువుకు బయలుదేరాడు. నిమజ్జనం సంగతి నాకు గుర్తే లేదు. పరుగెత్తుకెళ్లి పైపు మీద నిలబడి ఆగమని రెండు చేతులూ ఊపాను. డప్పుల మోతలో నా గోడు ఎవరికి వినబడుతుంది? "అన్న మస్తు స్టెప్పులేస్తుండు" అంటూ కుర్రాళ్లంతా నా చుట్టూ చేరి, సరిగ్గా పైపు మీదే గంతులు మొదలుపెట్టారు. చివరికి ఉత్సవ కమిటీ అధ్యక్షుడు డప్పులు ఆపించాడు.

"ఏంది సారూ, గింత పరేషానున్నవ్?"

"కింద పైపుందన్నా. పైన మట్టి తక్కువ. లారీ ఎక్కితే అణుగుతది."

"ఇంకో తొవ్వ లేదు సారూ. గణపతిని ఎనకకు మలపలేం."

రోడ్డు పక్క ఇంట్లోని అవ్వ ఒకామె గడపలోంచి అంది, "నీళ్లొస్తయని బిందెలన్నీ తోమి పెట్టిన బిడ్డా. జర సూడు." ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది.

సైటులోని ఇనుప పలకలు తెప్పించి, బరువు ఒక్కచోటే పడకుండా పైపు మీద అడ్డంగా పరిపించాను. పక్కల మట్టి గట్టిగా ఉంటే పైపు నలగదనీ, కిక్కిరిసిన బస్సులో మనిషి పడిపోడు కదా అనీ చెప్పాను. "మరి పక్కల మట్టి గట్టిగ కొట్టిచ్చినవా?" అన్నాడు అధ్యక్షుడు. కొట్టించానన్నాను. లారీ మెల్లగా దాటింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ నల్లా బుస్సుమని, దగ్గి, ధారకట్టింది. "గణపతి సల్లగ సూసిండు బిడ్డా" అందామె. దగ్గరుండి పైపు పక్కల మట్టిని దిమ్మిసతో గట్టిగా కొట్టించింది నేనని చెప్పబోయి, ఆమె ముఖం చూసి, నిండిన బిందె ఎత్తి అందించాను.

ఈమధ్య కారులో ఆ గల్లీ దాటుతూ సీట్లోంచి కాస్త పైకి లేచాను. ఏమైందంది మా ఆవిడ. పైపు మీద బరువు తగ్గిస్తున్నానన్నాను. ఆమె నా పొట్ట వైపు చూసి నవ్వింది. లేచినంత మాత్రాన కారు బరువు తగ్గదని ఇన్నేళ్ల ఇంజనీరుకు తెలియదా? తెలుసు. అయినా గల్లీ చివరిదాకా కూర్చోలేదు.