విల్ఫ్ గోలప్ పుస్తకంలో లేని పిట్ట

రేవులో బల్లకట్టు దిగినవాళ్లకి టీ, రొట్టె అమ్మేది నేనే, నెట్టీ స్క్విబ్‌ని. అందుకే విల్ఫ్ గోలప్ గురించి నాకు తెలిసినంత వాళ్లావిడకి కూడా తెలీదు. ముప్పయ్యేళ్లు ఆ బల్లకట్టు ఇంజను గది మోతలోనే పనిచేశాడు. రిటైరయ్యాక కూడా తెల్లారేసరికి నా కొట్టు ముందు తేలతాడు.

వసంతం వస్తే ఆయనకి ఒకటే పని. ఆఫ్రికా నుంచి పిట్టలు సముద్రం దాటొచ్చి రేవు వెనకాల ముళ్లపొదల బీడులో దిగుతాయి. ఏ పిట్ట ఏ రోజు మొదట కూసిందో పుస్తకంలో రాసుకుంటాడు. కంటికి కనిపిస్తే చాలదు, చెవిన పడాలి. అది ఆయన పద్ధతి. మా ఊళ్లో ఆ పుస్తకం చెప్పిందే మాట.

మిడతలా సన్నగా, ఆగకుండా కూసే మిడతపిట్ట అందులో ఆరేళ్లుగా లేదు. ఈ ఏడూ లేకపోతే అది దిగే తూర్పు వైపు పొద కొట్టేసి గుర్రాలకి దారి వేస్తామని బీడు కమిటీ వాళ్లు చెప్పేశారు. ఆ పొదంటే విల్ఫ్‌కి ప్రాణం. అలాగని విననిది విన్నానని రాసే మనిషి కాదు.

ఏప్రిల్ ఆఖర్లో మోకాలు పట్టేసి, నన్ను తోడు రమ్మన్నాడు. పొద దగ్గర ఇద్దరం నిలబడ్డాం.

"పొద్దున్నే గాలం వేస్తున్నదెవడు విల్ఫ్? దారం చుట్టే చక్రం ఆపకుండా తిప్పుతున్నాడు," అన్నాను.

"ఇక్కడ నీళ్లెక్కడున్నాయి పిల్లా? ఫ్లాస్కులో ఏం పోసుకొచ్చావ్?"

"మరి ఆ గిర్రుమనేదేంటి?"

"ఏది?"

నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నా. ఆయనేమో నేనే ఆయన్ని ఆట పట్టిస్తున్నాననుకున్నాడు. చప్పుడు ఎటునుంచో వేలితో చూపించాను. దుర్భిణి ఎత్తాడు, ఎంతకీ దించడే.

"మిడతపిట్టే. నోరు తెరిచే ఉంది," అన్నాడు మెల్లగా. "గొంతు వణుకుతోంది. కూస్తోందా నెట్టీ?"

"చెవులు చిల్లులు పడేలా."

ముళ్లని కూడా చూసుకోకుండా అక్కడే కూలబడ్డాడు. పుస్తకం తీసి రాశాడు: "ఒకటి. విన్నది నెట్టీ స్క్విబ్." పొద గండం గట్టెక్కిందని నాకు సంబరం. ఆయన మొహంలో మాత్రం ఆ ఛాయ లేదు. పేజీలు వెనక్కి తిప్పి, పోయినేడు రాసిన "లేదు" పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. దాని ముందటేడాదికీ పెట్టాడు.

"పిట్టలు రావడం మానేశాయా, నా చెవులు మానేశాయా?"

"నన్నడిగితే ఎలా? అప్పుడు నేను రాలేదుగా."

"ఏడేళ్ల కిందట విన్నట్టే గుర్తు. విన్నానో, వినాలని ఉండి రాశానో."

పెన్సిలు ఆ ఏడాది పేజీ మీద ఆగిపోయింది. టీ పోసిచ్చాను. తాగుతూ పొదవైపే చూస్తున్నాడు. ఇంకా కూస్తోందా అని అడిగాడు. కూస్తోందన్నాను. రెండు నిమిషాలాగి మళ్లీ అదే అడిగాడు.