మణికట్టు విడిపించే విద్య

ముందు పోయినవి చెబుతాను. మా బిడ్డ పైవరస ముందుపన్ను, సగం. కుడిచెవి కమ్మ, అది మా అవ్వ పెట్టినది. ఎడమకాలి చెప్పు. టిఫిన్ డబ్బా మూత. డబ్బా దొరికింది గానీ మూత మోరీలో కొట్టుకుపోయింది. ముప్పై రెండు మగ్గాల మీద గుడ్డకు ఒక్కో గీత. ఎనిమిది ఆదివారాల పొద్దులు. కరాటే మాస్టరుకు కట్టిన పద్దెనిమిది వందల ఫీజు, తెల్ల డ్రెస్సుకు తొమ్మిది వందలు, పసుపు బెల్టు పరీక్షకు మూడు వందలు. ఇందులో పన్ను తప్ప మిగతావన్నీ లెక్కలోకి తెచ్చుకోగలను. పన్నుకు డాక్టరు తొడుగు వేశాడు. అయినా బిడ్డ ఇప్పటికీ నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. దానికి ఏ రేటు కట్టాలో నాకు తెలియలేదు.

మాది మరమగ్గాల ఊరు. వాటిని మేం సాంచాలంటాం, అవి నడిచే రేకుల షెడ్డును కార్ఖానా అంటాం. మా ఇంటాయన సాంచాలు నడుపుతాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి, సాంచాలకు నూలు కండెలు చుడుతూ లెక్కలు నేర్చినదాన్ని. ఇప్పుడు మా మహిళా సంఘం పొదుపులూ, మా వాడలో నేతగాళ్ల మీటర్ల కూలీ నేనే లెక్క కడతాను. బిడ్డ కరీంనగర్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తుంది. బస్టాండు నుంచి ఇంటికి దగ్గరి దారి కార్ఖానాల గల్లీ.

ఆ వానాకాలంలో, లారీల మీదికి నూలు చుట్టిన బరువైన బీములు ఎక్కించే మనిషొకడు దాని వెంట నడవడం మొదలుపెట్టాడు. పెళ్లయినవాడు. ఒంట్లో ఎద్దుకున్నంత బలం. బుద్ధి కూడా ఎద్దుదే అంటే ఎద్దుకు అవమానం. మొదట వెనకాల నడిచాడు, తర్వాత పక్కన నడిచాడు, తర్వాత ఫోను నంబరు అడిగాడు. బిడ్డ ఇంట్లో చెప్పింది. చెప్పడమే దాని తప్పైంది.

"సదివింది చాలు. ఇంట్ల కూసోని కండెలు సుట్టుమను" అంది మా అత్త.

మా ఇంటాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే అత్త మాట సగం నెగ్గినట్టే. అప్పుడు నేను అడ్డం పడ్డాను. బస్టాండు దగ్గర ఫంక్షన్ హాల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతున్నారు, రెండు నెలలు నేర్పిద్దాం, తనను తాను కాపాడుకోవడం వస్తే కాలేజీకి పోనీ, రాకపోతే మాన్పించండి అన్నాను. అలా నా బిడ్డ చదువును తీసుకుపోయి ఒక మాస్టరు చేతిలో పెట్టాను.

మాస్టరు గోదావరి అవతలి నుంచి వచ్చినవాడు. నడుముకు నల్ల బెల్టు, దాని కొసల మీద బంగారు దారంతో కుట్టిన అక్షరాలు. మొదటి ఆదివారం తల్లిదండ్రుల ముందు పెంకులు పగలగొట్టాడు. అవి కూలగొట్టిన ఇంటివి, చేత్తో నలిపితే పొడి రాలేవి. నేను ఒకటి తీసి చూశాను. పక్కన కూర్చున్నావిడ "మా ఇంటి మీద కోతులు గంతకన్న మంచిగ పగలగొడ్తయ్" అంది. అయినా ఇద్దరం ఫీజు కట్టాం.

ఆయన నేర్పిన వాటిలో ప్రధానమైనది మణికట్టు విడిపించుకోవడం. ఎవడైనా చెయ్యి పట్టుకుంటే వాడి బొటనవేలు ఎటు ఉందో చూసుకోవాలి, అటువైపు మన చెయ్యి మెలితిప్పి లాగాలి. నాలుగు వేళ్ల కన్నా ఒక వేలు బలహీనం కదా అని లెక్క చెప్పాడు. లెక్క నాకు నచ్చింది. హాల్లో అందరి చేతులూ ఊడి వచ్చాయి కూడా. రెండో ఆదివారం దగ్గరికి పోయి చూశాను. పట్టుకునే పాత్ర వేసేవాడు మాస్టరు శిష్యుడు. వాడు ముందే "ఇప్పుడు కుడిచెయ్యి పట్టుకుంటున్న" అని చెప్పి పట్టుకుంటాడు. అమ్మాయి భుజం కదలగానే వాడి వేళ్లు వాటంతట అవే విచ్చుకుంటాయి. గురువు ముందు అమ్మాయిని ఓడించి నిలబడే ధైర్యం వాడికెక్కడిది?

ఆ రాత్రి అన్నాలయ్యాక మా ఇంటాయనను బిడ్డ చెయ్యి పట్టుకోమన్నాను.

"గట్టిగనా?"

"వదలొద్దని పట్టుకో."

ఇరవై సార్లు చేయించాను. మూడుసార్లు ఊడింది. ఆ మూడింటిలో రెండుసార్లు ఆయన నవ్వాడు. తర్వాతి ఆదివారం మాస్టరుతో చెప్పాను, "సారూ, ఇంట్ల చేస్తె వస్తలేదు" అని.

"ప్రాక్టీస్ మేడమ్. పసుపు బెల్టు అయినంక దానంతట అదే వస్తది."

బెల్టు నడుముకు కడితే బలం మణికట్టుకు ఎలా పోతుందో నాకు అర్థం కాలేదు. పరీక్ష ఫీజు మాత్రం మూడు వందలని అర్థమైంది. పరీక్ష పెట్టిన రోజు అందరూ పాసయ్యారు. ఫీజు కట్టని ఒక్క పిల్లే ఇంకా నేర్చుకోవాల్సి ఉందన్నాడు.

ఆయన నేర్పిన రెండోది అరుపు. పొట్టలోంచి అరవాలి, ఆ అరుపుకే దుండగుడు సగం చస్తాడు, మిగతా సగం చుట్టుపక్కల జనం వచ్చి చంపుతారు అనేవాడు. ముప్పై మంది పిల్లలు ఒక్కసారి అరిస్తే ఫంక్షన్ హాలు రేకులు అదిరేవి. తల్లులు మురిసిపోయేవారు. మా ఊళ్లో సాంచాలు నడిచే గల్లీలో పక్కనున్న మనిషి చెవిలో చెప్పినా వినిపించదు. ఇరవై ఏళ్లు నడిపినవాళ్లు ఇంటికొచ్చాక కూడా చేతి సైగలతోనే నీళ్లడుగుతారు. ఈ సంగతి గోదావరి అవతలివాడికి తెలియదు. ఇవతల పుట్టి, ఆ చప్పుడులోనే పిల్లల్ని కన్న మా ఆడవాళ్లలో కూడా ఒక్కరికీ తట్టలేదు. అరుపుకు చప్పట్లు కొట్టి వచ్చాం. పసుపు బెల్టు చూశాక ఇంట్లో కాలేజీ మాన్పించే మాట కూడా ఆగింది.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం బస్సు ఆలస్యమైంది. పొద్దుగూకింది. పగటి షిఫ్టు దిగడానికి ఇంకా అరగంట ఉంది. గల్లీలో అన్ని కార్ఖానాలూ నడుస్తున్నాయి. బీములవాడు వెనక నుంచి వచ్చాడు. కుడిచెయ్యి పట్టుకుంటున్నానని చెప్పలేదు. జడ పట్టుకున్నాడు. బిడ్డ తిరిగేసరికి రెండు చేతులతో దాని చెయ్యి పట్టుకున్నాడు. అది నేర్పినట్టే బొటనవేలి వైపు మెలితిప్పింది. రెండు చేతులు పట్టినప్పుడు బొటనవేళ్లు రెండుంటాయి. వాడు ఒక్క గుంజు గుంజితే పోయి కార్ఖానా గోడకు కొట్టుకుంది. పన్ను అక్కడే పోయింది. కమ్మ కూడా అక్కడే. పొట్టలోంచి అరిచింది. నాలుగు అడుగుల దూరంలో, గోడకు అవతల, నలుగురు మగవాళ్లున్నారు. ఒక్కరూ వినలేదు.

గోడ పట్టుకుని నిలబడినప్పుడు దాని చేతికి మెయిన్ తగిలింది. మా దగ్గర ఒక్కో కార్ఖానాకు కరెంటు మెయిన్ తలుపు పక్కన బయటి గోడకు ఉంటుంది, వాన పడకుండా పైన రేకుముక్క. మా బిడ్డ దాని హ్యాండిలు కిందికి లాగింది.

ముప్పై రెండు సాంచాలు ఒక్కసారి ఆగిపోయాయి.

మా ఊళ్లో చప్పుడుకు ఎవడూ బయటికి రాడు. చప్పుడు ఆగితే వస్తాడు. కూలి మీటర్ల లెక్కన కాబట్టి, ఆగిన ప్రతి నిమిషం నష్టం వాడి సొంతం. పక్క కార్ఖానాలు నడుస్తూ తనదొక్కటే ఆగిందంటే అది కరెంటు కోత కాదు, ఎవడో పోకిరీ మెయిన్ తీసి ఉరుకుతున్నాడని అర్థం. పట్టుకుని తన్నడానికి నేతగాడు తయారుగా ఉంటాడు.

"ఎవడ్రా మెయిన్ తీసింది? నీ అయ్య జాగీరా?" అనుకుంటూ నలుగురూ ఉరికొచ్చారు. ఆడపిల్లను కాపాడటానికి రాలేదు, ఆ మాట ముందే చెప్పాలి. వచ్చాక చూశారు. చూశాక, తెచ్చిన కోపాన్ని వృథా పోనివ్వలేదు.

సాంచ నడుమ ఆగి మళ్లీ మొదలైతే గుడ్డ మీద పలచటి గీత పడుతుంది. ఆ కార్ఖానా నడిపే ఆసామి మరునాడు మా ఇంటికొచ్చి, బిడ్డ ఎట్లుందని అడిగి, చాయ తాగి, గీతల సంగతి ఎత్తాడు. సాంచకు పది రూపాయల లెక్కన మూడు వందల ఇరవై అప్పుడే లెక్కపెట్టి ఇచ్చాను. ఆ నలుగురి కూలిలో కోయొద్దన్నాను.

ఠాణాకు పోదామంటే పెద్దమనుషులు వద్దన్నారు. పిల్ల పేరు బయటికొస్తుందట. బీములవాడిని కూర్చోబెట్టి తిట్టి, దండం పెట్టించి వదిలేశారు. వాడు వారంలోపు బొంబాయి దగ్గరి మగ్గాల ఊరు భీవండి పోయాడు. అక్కడ ఎవరి బిడ్డ వెనక నడుస్తున్నాడో మా పెద్దమనుషులకు అక్కర్లేదు.

మందమర్రిలో బొగ్గుబాయి పని చేసే మా తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, బాయిల దిగేటోనికి ముందుగాల ఏం నేర్పుతరో ఎర్కేనా? దారి ఎటున్నదో నేర్పుతరు. పైకప్పుతోని కొట్లాడుడు నేర్పరు" అన్నాడు. రెండు నెలల ఫీజులో ఎవరూ చెప్పని మాట అది.

పదిహేను రోజులు గడిచాయి. దెబ్బ మానింది. సంగతి గల్లీ దాటలేదు కాబట్టి, ఇక పంపుదామని మా ఇంటాయనను సగం ఒప్పించాను. అప్పుడు బస్టాండు ముందర ఫ్లెక్సీ లేచింది. నిలువెత్తు ఫ్లెక్సీ. పసుపు బెల్టు కట్టుకుని పిడికిలి బిగించిన నా బిడ్డ ఫోటో, పక్కన చేతులు కట్టుకున్న మాస్టరు. 'దుండగుడిని మట్టి కరిపించిన మా విద్యార్థిని. కొత్త బ్యాచ్ ప్రారంభం.' కింద పేరు, కాలేజీ పేరు, చదివే సంవత్సరం. ఠాణాకు పోకుండా పెద్దమనుషులు దాచిన పేరును, ఎవరి నోట విన్నాడో గానీ, మాస్టరు రంగుల్లో అచ్చేయించాడు.

మా అత్త ఫ్లెక్సీ చూడలేదు. చూసినవాళ్లు పదిమంది వచ్చి చెప్పారు. మా ఇంటాయన పనినుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా, "ఇగ కాలేజీకి పోవద్దు" అన్నాడు. బిడ్డ ఏడవలేదు. సంచిలోంచి పుస్తకాలు తీసి గూట్లో సర్దింది. ఏడ్చినా బాగుండేది.

ఆదివారం నేనూ ఆయనా హాలుకు పోయాం. కొత్త బ్యాచ్ తల్లిదండ్రులు కుర్చీల్లో ఉన్నారు, పెంకులు పేర్చి ఉన్నాయి.

"రండి మేడమ్. మన చాంపియన్ మదర్" అన్నాడు మాస్టరు. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

"ఫ్లెక్సీ తియ్యాలె సారూ. మా ఫీజు మాకియ్యాలె."

"గదేంది మేడమ్? గర్వపడాలె మీరు."

"మీరు నేర్పింది చేస్తె పన్ను పోయింది. మెయిన్ తీస్తె బతికింది. మెయిన్ తీసుడు ఏ బెల్టుల నేర్పుతున్నరు?"

కుర్చీల్లో ఎవరో నవ్వారు. మాస్టరు నవ్వలేదు. "టెక్నిక్ ఒక్కటే కాదు, ధైర్యం. ఆ ధైర్యం మేమిచ్చినం" అన్నాడు. ధైర్యానికి రసీదు లేదు కాబట్టి ఎవడైనా ఇచ్చానని చెప్పుకోవచ్చు.

"అయితె ఒక్క పని. మా ఇంటాయన మీ చెయ్యి పట్టుకుంటడు. విడిపిచ్చుకోండ్రి. విడిపిచ్చుకుంటె ఫ్లెక్సీ ఉండనియ్యుండ్రి, ఇంకోటి నా పైసలతోని కట్టిస్త."

"నేనెందుకే నడుమ?" అన్నాడు మా ఇంటాయన.

"పట్టుకో."

అందరి ముందూ మాస్టరు వద్దనలేకపోయాడు. మా ఇంటాయన మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు సాంచ హ్యాండిలు పట్టిన చెయ్యి అది. మాస్టరు బొటనవేలి వైపు మెలితిప్పాడు. ఒక అడుగు వెనక్కి వేసి తిప్పాడు. అరిచాడు. తెల్ల చొక్కా మోచేతి దాకా జారింది. మా ఇంటాయన కాసేపు పైనున్న ఫ్యాను వైపు చూసి, "ఎంతసేపు పట్టుకోవాలె?" అని నన్నడిగాడు.

"మీరు తప్పుగ పట్టుకున్నరు" అన్నాడు మాస్టరు, రొప్పుతూ. "గిట్ల పట్టుకోవద్దు."

"మరి గా లుచ్ఛాగాడు ఎట్ల పట్టుకోవాల్నో మీ దగ్గర నేర్చుకొని వస్తడా సారూ?"

అని మా ఇంటాయన చెయ్యి వదిలేశాడు. ముందు వరసలో ఒకావిడ కూతురి సంచి తీసుకుని లేచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఫ్లెక్సీ రేపు తీయిస్తానన్నాడు మాస్టరు. మా ఇంటాయన రేపటిదాకా ఆగలేదు. బస్టాండు దగ్గర తానే స్తంభమెక్కి తాళ్లు కోసి, బిడ్డ బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అలాగే ఇంటికి నడిచాడు. గడప దగ్గర ఆగి, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

"ఏ బస్సు?"

"పిల్ల బస్సు."

"ఏడుంబావుకు."

"యాది చెయ్యి మరి. పొద్దుగాల లేవాలె గదా."

ఇప్పుడు బిడ్డ ఫైనలియర్. సాయంత్రం బస్సు దిగిన ఐదుగురు అమ్మాయిలు ఒకరి కోసం ఒకరు ఆగి, పెద్ద రోడ్డు మీదుగా వస్తారు. పది నిమిషాలు ఎక్కువ నడవాలి. ఇందులో బెల్టు లేదు, అరుపు లేదు, ఫీజు లేదు. అందుకే దీన్ని నేర్పడానికి ఏ మాస్టరూ ఫ్లెక్సీ కట్టడు.

నా లెక్కలోంచి తెల్ల డ్రెస్సు కొట్టేశాను. దాన్ని చింపి మా ఇంటాయన సాంచాల నూనె తుడుస్తున్నాడు. పరీక్ష ఫీజూ కొట్టేశాను. పరీక్ష పెట్టాడు, బెల్టు ఇచ్చాడు, ఇచ్చిన సరుకు పనికిమాలినదైనా సరుకే. ఫీజు మాత్రం నేర్పుతానన్నదానికి తీసుకున్నాడు, నేర్పలేదు. నేను నాలుగుసార్లు అడిగాక ఫోనులో ఐదు వందలు పంపాడు. మిగతాది వచ్చే నెల అన్నాడు. తర్వాత హాలు ఖాళీ చేసి, మళ్లీ గోదావరి దాటి పోయాడు. ఇప్పుడు జైనూర్ వైపు పెంకులు పగలగొడుతున్నాడని విన్నాను. ఆయన నాకు ఇంకా పదమూడు వందలు బాకీ.