బలం, దూరం, సుభద్ర మేడమ్

నిన్న సాయంత్రం ఫిల్మ్ నగర్ ఎత్తు మీద ఒక ఆటో మొరాయించింది. క్లచ్ కాలిన వాసన గాలిలో తేలివచ్చేసరికి, ఎప్పటిదో లేత ఎండ, గేటు మీద వాలిన కాగితంపూలు, వాటి నీడలో నిలబడ్డ సుభద్ర మేడమ్, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి.

మేడమ్ కాకినాడలో ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ ఇంటి వెనక గదిలో, సినిమాలకు బట్టలు కుట్టే మా అమ్మా నేనూ కిరాయికి ఉండేవాళ్లం. నేను ఇంటర్లో ఉండగా, పని లెక్కలో బలాన్ని దూరంతో ఎందుకు గుణించాలని క్లాసులో అడిగితే, "సూత్రం బట్టీ పట్టు, చాలు" అన్నారు సారు. అందరూ నవ్వారు. చదువు మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చుంటానని ఆ రోజే తేల్చేశాను. అమ్మ దిగులుపడి మేడమ్‌ని పిలుచుకొచ్చింది.

"రెండు మామిడిపండ్లు మూడుసార్లంటే ఆరు. సమజైతది. బలాన్ని మీటర్లతోని ఎట్ల గుణిస్తరు మేడమ్?" అన్నాను ఏడుపుగొంతుతో.

ఆవిడ నవ్వలేదు. క్లచ్ కాలి గేటుకు అడ్డంగా ఆగిపోయిన షూటింగ్ వ్యాన్ దగ్గరికి తీసుకెళ్లి, "తొయ్యమ్మా" అన్నారు. చెమటలు పట్టేదాకా తోశాను. కదల్లేదు.

"బలం ఉంది, దూరం లేదు. కూడితే ఏదో ఒకటి మిగులుతుంది. గుణిస్తే?"

"సున్నా."

డ్రైవరు నాలుక కరుచుకుని, "హ్యాండ్‌బ్రేక్ ఇడువలే, జర ఆగుండ్రి" అన్నాడు. ఈసారి మేడమ్ కూడా కొంగు బిగించి చేయి వేశారు. వ్యాను, కలలో పడవలా, మెల్లగా సాగింది.

"చూశావా? ప్రతి అడుగులోనూ నీ బలమంతా ఉంది. అడుగడుక్కీ అది పేరుకుంటోంది. ఆ పేరుకోవడమే ఇక్కడ గుణకారం."

మర్నాడు కాలేజీకి వెళ్లాను.

ఏళ్లు గడిచి నేను లెక్చరర్నయ్యాక, మేడమ్‌కి పక్షవాతం వచ్చింది. చూడ్డానికి వెళ్తే, డాక్టరు చెప్పినట్టు, స్వాధీనం తప్పిన కుడిచేత్తో గోడను తోస్తున్నారు.

"గోడ కదలదు. పని సున్నా" అన్నారు అలిసిన నవ్వుతో.

"మరి ఈ అలసటంతా ఎటు పోయినట్టు మేడమ్?"

ఊపిరి కూడదీసుకుని చెప్పారు. "ఒంట్లో వేడి అవుతుంది. గోడకేం జరిగిందో అంతవరకే ఆ గుణకారం చెబుతుంది. నాకేం జరిగిందని దాన్ని మనం అడగలేదు కదమ్మా."

ఆ చేయి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఆవిడ తోయడమూ మానలేదు, ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు నా క్లాసులో గోడను తోసే లెక్క వచ్చినప్పుడల్లా బోర్డు మీద పని సున్నా అనే రాస్తాను. అది నిజమే. రాసి, పిల్లల వైపు తిరిగి, తోసిన మనిషి సంగతేమిటని అడుగుతాను.