మూడుకు మించకుండా

ఒక ఇంట్లో మూడు ఫోటోలు తీయవలసి ఉండగా పదిహేడు తీసినందుకు ఆమెను పనిలోంచి తీసేశారు. ముందుగా నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. కారణం కాగితం మీద పెట్టలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. పెట్టి వెళ్లింది.

ఎక్కువ ఫోటోలు తీసిందన్న నేరం మోపడానికి ఊరంతా గాలించినా ఆమెకంటే తగని మనిషి దొరకదు. బజారు మలుపులో రెండు మంచాలు పట్టేంత స్టూడియో ఆమెది. నీలం తెర, ఒక కాలు పొట్టిదైన స్టూలు, దారంతో మేకుకు కట్టిన దువ్వెన. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆమెను ఫోటో అక్క అనే అంటారు. ముప్పై ఆరు బొమ్మల రీలు కాలంలో తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఒక్క బొమ్మ వృథా అయితే ఆయన ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. రీళ్లు పోయి డిజిటల్ వచ్చినా ఆ భయం ఆమె వేలిని వదల్లేదు. "ఇంకోటి తీయక్కా, కళ్లు మూసుకున్నానేమో" అని ఎవరైనా బతిమాలితే, "మూసుకోలేదు, నేను చూశాను, లేవండి" అనేది. కరెంటు పని చేసే ఆమె భర్త వచ్చినవాళ్లతో, "మా ఆవిడ వేలికి తాళం ఉందండీ. చెవి మా మామగారు పట్టుకుపోయారు" అని నవ్వేవాడు.

ఆ వీధి కింద మురుగునీటి సొరంగం తవ్వుతున్నారు. తవ్వకం మొదలైన రెండు నెలలకే పైనున్న నలభై ఇళ్ల గోడలు పగిలాయి. ప్రతి ఇంటినీ ఫోటో తీయించి రెండు జాబితాల్లో ఒకదానిలో చేర్చడం సొరంగం కార్యాలయం బాధ్యత. మొదటిది, సిమెంటు పూత వేస్తే సరిపోయే ఇళ్లు. రెండోది, మనుషులను వెంటనే ఖాళీ చేయించి వేరే వసతి చూపవలసిన ఇళ్లు. ఇల్లిల్లూ తిరగడానికి పెద్ద ఇంజనీరుగారికి తీరిక లేదు. ఫోటోలు చూసే తేలుస్తారు. ఆ ఫోటోలు తీసే పని అక్కకు అప్పగించారు.

వెంట వచ్చిన సూపర్‌వైజరు వీధి మొదట్లోనే సెల్‌ఫోను తీసి, ఆఫీసు నుంచి వచ్చిన సందేశం చదివి వినిపించాడు: "ఇంటికి మూడు ఫోటోలకు మించకుండా." అక్కకు ఆ మాట తేనెలా వినిపించింది. మూడే ఎక్కువనుకుంది. ఏడు ఇళ్లు గంటన్నరలో ముగించింది.

ఎనిమిదోది దర్జీ పని చేసుకునే ఆవిడ ఇల్లు. పగులు వంటగదిలో పొయ్యి వెనక తలవెంట్రుక అంత సన్నగా మొదలైంది. తలుపు మీదుగా పడకగదిలోకి దాటాక వేలు దూరేంత వెడల్పయింది. అక్కడి నుంచి కప్పుకెక్కి, దర్జీ అత్తగారు పడుకునే మంచానికి సరిగ్గా పైన ఆగింది. ముసలావిడ లేవలేదు. తుంటి విరిగి ఆరు నెలలైంది.

"ఏమ్మా, నా ఫోటో కూడా తీస్తావా?" అందామె. "దాన్ని రోజంతా చూసేది నేనొక్కదాన్నే. పోయిన నెల తల దగ్గరుండేది. ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చింది."

"మంచం జరపలేకపోయారా?" అని అడిగింది అక్క.

"ఎటు జరపమంటావక్కా? ఇటు మిషను, అటు తలుపు" అంది దర్జీ.

అక్క వెనక్కి జరిగి గోడంతా ఒకే బొమ్మలో పట్టబోయింది. పగులు మాయమైంది, సున్నం గీతలా మిగిలింది. దగ్గరికి జరిగితే జానెడు ముక్క కనిపించింది. ఆ ముక్క ఏ ఇంటిదైనా కావచ్చు. మూడు ముక్కలు తీసింది. కెమెరా తెర మీద చూసుకుంటే మూడు వేరువేరు గోడల మీద మూడు చిన్న గీతల్లా ఉన్నాయి. ఎన్ని తీస్తే ఇది ఒకటే పగులని తెలుస్తుంది? ఐదా? ఐదు తీస్తే మధ్యలో నాలుగు ఖాళీలు. అన్నీ పైపూత పగుళ్లే, దేనికదే విడి అని ఎవరైనా అనవచ్చు. అనకుండా ఉండాలంటే ప్రతి ఫోటోలో అంతకు ముందరి ఫోటో చివర నాలుగు వేళ్ల మేర కనబడాలి. ఆ లెక్క తేలేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

దర్జీ మెడలోని కొలత టేపు తీసి ఇచ్చింది. ఆ మూడూ చెరిపేసి, టేపును పగులు పక్కనే ఆనించి, జరుపుకుంటూ, అక్క మళ్లీ పొయ్యి దగ్గర మొదలుపెట్టింది.

"ఏంటక్కా, పెళ్లి ఆల్బమా?" అన్నాడు గుమ్మంలోంచి సూపర్‌వైజరు.

"పెళ్లయితే మూడుతో సరిపెట్టేదాన్ని. అక్కడ అందరూ ఒకేలా నవ్వుతారు."

"మూడే అన్నారు కదా!"

దర్జీకి చిర్రెత్తుకొచ్చింది. "నేను మూడే కొలతలతో మీకు చొక్కా కుడితే చేతులు ఎక్కడ పెట్టుకుంటారు సార్?"

మంచం మీదినుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు వింటూనే అక్క పదిహేడో ఫోటో తీసింది. పగులు అక్కడితో అయిపోయింది.

మర్నాడు ఆ ఎనిమిది ఇళ్ల వరకు జాబితాలు కార్యాలయం గోడకు అంటించారు. ఎనిమిదో ఇల్లు పూత జాబితాలో ఉంది. అక్క సెక్షను అధికారి గదిలోకి వెళ్లి ఎలా చేర్చారని అడిగింది. గుమాస్తా పదిహేడులోంచి మొదటి మూడు మాత్రమే పైకి పంపాడట. మొదటి మూడూ పొయ్యి వెనక వెంట్రుకవి.

"కంప్యూటరు మూడే తీసుకుంటుందా?" అని అడిగింది.

"ఎన్నయినా తీసుకుంటుందమ్మా. ఆర్డరులో మూడే ఉంది" అన్నాడు అక్కడే ఉన్న గుమాస్తా.

ఆర్డరు అధికారి వీపు వెనకే, బోర్డు మీద ఉంది. అక్క కళ్లజోడు పెట్టుకుని చదివింది. సంతకం, ముద్ర, తేదీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. "ఇంటికి మూడు ఫోటోలకు తగ్గకుండా" అని ఉంది. సెల్‌ఫోనులోకి ఎక్కించినవారెవరో "తగ్గకుండా"ను "మించకుండా" చేశారు. నలభై ఇళ్ల కప్పులు ఆ ఒక్క మాట మీద నిలబడ్డాయి.

అధికారి తల తిప్పి చదివాడు. "ఏదైతే ఏంటమ్మా, మూడు మూడే కదా" అన్నాడు.

"మూడు మూడే సార్. ముసలమ్మ మీద పడేది మాత్రం మూడో వంతు కాదు."

అధికారి గుర్తింపు కార్డు అడిగింది ఆ మాట తర్వాతే.

మెట్లు దిగుతుంటే ఆమెకు అధికారి కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మొదటి ఏడు ఇళ్లలో ఆమె సంతోషంగా, గంటన్నరలో, ఆ తప్పు మాటే పాటించింది. పిసినారితనాన్ని పనితనం అనుకుంది. ఇంటికి వెళ్లి, భర్త "కార్డు ఏది?" అంటుండగానే స్టూడియోకు తాళం వేసి, సొంత కెమెరాతో వీధి మొదటికి నడిచింది. మూడో ఇంట్లో ఇరవై రెండు ఫోటోలయ్యాయి. ఆరో ఇంట్లో నిజంగానే పూత పగులు, నాలుగుతో తీరిపోయింది. ఎనిమిదో ఇంట్లో ఆ పదిహేడూ మళ్లీ తీసింది. అన్నీ ముద్రించి, వెనక కొలత రాసి, దర్జీ చేత, ఆ ఏడిళ్ల వాళ్ల చేత సంతకాలు పెట్టించి కార్యాలయంలో దాఖలు చేసింది. అందినట్టు ముద్ర కొట్టి ఇచ్చారు. పదకొండు రోజులైంది. జవాబు లేదు. పగులు ముసలావిడ మోకాళ్లు దాటింది.

సొరంగం కార్యాలయంలోని సెక్షను అధికారికీ, ఆయన పైన సంతకం చేసే పెద్ద ఇంజనీరుకూ: ఫోటోగ్రాఫరును తొలగించిన కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. మీ ఆర్డరును ఉన్నది ఉన్నట్టు అమలు చేసి నలభై ఇళ్లనూ మొదటి నుంచి తీయించండి. అంతవరకు ఆగలేని పని ఒకటుంది. ఎనిమిదో ఇంటిని ఈరోజే పూత జాబితాలోంచి తీసి, దర్జీకీ, ఆమె అత్తగారికీ వసతి చూపండి. చూపనంటారా, అయితే మీలో ఒకరు ఆ మంచం పక్కన నిలబడి, పైకి చూసి, ఈ కప్పు భద్రమని రాసి, కింద మీ పేరూ హోదా తేదీ వేసి ముసలావిడ చేతికివ్వండి.