డాక్టర్ శారదాంబ గారిని నేను చంపేసిన వైనం

ఒక్క మందు చుక్క వాడకుండా, ఒక్క ఫోన్ కాల్‌తో నేనో డాక్టరమ్మని చంపేశాను. నవ్వకండి, ముందు వినండి.

అప్పట్లో విజయవాడలో ఓ మెడికల్ కాలేజీలో కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ని. పూర్వ విద్యార్థుల సన్మానం పనంతా ప్రిన్సిపాల్ గారు నా నెత్తిన పెట్టారు. సన్మానం అందుకోవాల్సిన వాళ్ళలో ఉయ్యూరులో ఆస్పత్రి నడిపే శారదాంబ గారు ఒకరు. చెరకు తోటల్లో పాము కరిచిన కూలీలకి వైద్యం చేస్తూ, ఆ కాట్ల మీదే పరిశోధన చేసి ఎందరినో బతికించిన మనిషి.

ఆహ్వానిద్దామని ఆవిడ ఆస్పత్రికి ఫోన్ చేస్తే కాంపౌండర్ ఎత్తాడు.

"మేడమ్ గారున్నారాండీ?"

"ఎక్కడ సార్! పోయిన నెలే మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయారు!" అని భోరుమన్నాడు.

"అయ్యో! ఏమైందండీ?"

"వయసు మీద పడింది కదండీ! ఊరు ఊరంతా వచ్చి సాగనంపింది."

ఇంకేం అడుగుతాను? వన్ టౌన్‌లో షీల్డులు చేసే కొట్టుకి పరుగెత్తి, ఆవిడ షీల్డు మీద "కీర్తిశేషులు" అని చెక్కించాను. స్టేజీ మీద ఆవిడ ఫోటో పెట్టి, నా అంత బరువున్న బంతిపూల దండ వేయించాను.

సభ రోజు మైకు నాదే. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నానో లేదో, గుమ్మంలోంచి ఆ ఫోటో నడుచుకుంటూ వచ్చింది! ఎవరో క్లాస్‌మేట్ చెప్తే వచ్చారట. ఆవిడ ముందు వరసలో నిలబడి, భక్తిగా తల వంచి, నన్ను మెల్లగా అడిగారు.

"ఎవరు పోయారు బాబూ?"

"మీ... మీ బ్యాచేనండీ."

"అయ్యో పాపం!"

రెండు నిమిషాలూ అయిపోయాయి. కళ్ళు తెరవమనే ధైర్యం నాకేదీ? మూడు, నాలుగు, ఐదు... ప్రిన్సిపాల్ గారు దగ్గారు. శారదాంబ గారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూశారు. చక్కా స్టేజీ ఎక్కారు.

"ప్రాక్టీసు మానేసి నేను వచ్చింది బెజవాడకి నాయనా, పైకి కాదు! డాక్టరువేగా? ఏదీ, నాడి చూడు."

చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళ వణుకులో ఆవిడ నాడి ఎక్కడ తెలుస్తుంది?

"దొరకడం లేదండీ!" అన్నాను, సరిగ్గా మైకులోకి.

హాలు హాలంతా గొల్లున నవ్వింది. "అయితే సర్టిఫికెట్ కూడా రాసిచ్చెయ్, ఇంటికెళ్ళి చూపిస్తా," అని ఆవిడ ఆ షీల్డే అడిగి తీసుకున్నారు.

ఆనాడే కృష్ణమ్మ సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఎవరి పేరు ముందు "కీర్తిశేషులు" అని రాయాలన్నా, ముందు వాళ్ళనే అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాస్తాను.