అన్నయ్యకు ఎదురొచ్చింది ఎవరు?

దయ్యాలంటే నాకు చిన్నప్పుడు కూడా భయం లేదు. వీధిగదిలో ఒక్కదాన్నే పడుకుని నిద్ర పట్టేదాకా చదువుకునేదాన్ని. పక్కింటి పిల్లలు చెప్పే కథలు వింటే నవ్వొచ్చేది. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేననను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సామర్లకోట. నాన్నగారు స్కూలు మాస్టారు. మా అన్నయ్య సత్యం ఫుట్‌బాల్ ఆడేవాడు. కోతలైపోయిన చేలల్లో చెప్పుల్లేకుండా నేర్చుకున్న ఆట. ఎడమకాలితో బంతిని తీసుకుపోతుంటే అవతలి జట్టువాళ్లు కూడా ఆగి చూసేవారు. కాకినాడలో ఒక మిల్లువాళ్లు ఆ ఆట చూసి ఉద్యోగమిచ్చారు. పేరుకి టైం ఆఫీసులో గుమస్తా. అసలు పని సాయంత్రం మైదానంలో. బంతి తన్నితే జీతమిస్తారంటే నాన్నగారు చాలాకాలం నమ్మలేదు.

అన్నయ్య మ్యాచ్‌కి బయల్దేరితే ఎదురు రావడం నా పని. నిండు చెంబుతో ఆడపిల్ల ఎదురైతే మంచిదని అమ్మ నమ్మకం. రాగిచెంబు నిండా నీళ్లు పట్టుకుని దొడ్డిగుమ్మంలోంచి వెళ్లి, సందు చుట్టి, కొట్టు సుబ్బయ్యగారి మూల మీద నిలబడేదాన్ని. అన్నయ్య గుమ్మంలోకి రాగానే ఎదురుగా నడిచి రావాలి. నాకు వీధిలో నలుగురి ముందు నడవడమంటే ప్రాణం మీదికొచ్చినట్టుండేది. "అమ్మాయిగారు బయల్దేరారండోయ్, ఇంక గోల్ ఖాయం" అని కొట్టు దగ్గర ఎవరో ఒకరు అనేవారు. నేను చెంబులో నీళ్లు చూసుకుంటూ తల వంచుకుని వచ్చేసేదాన్ని. ఒక్కసారైనా తలెత్తి నవ్వవే అని అన్నయ్య ఏడిపించేవాడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఆఖరి మ్యాచ్ రాజమండ్రిలో. అన్నయ్య ఆట చూడటానికే కలకత్తా క్లబ్బు నుంచి ఒకాయన వస్తున్నారని కబురొచ్చింది. ఆయనకు నచ్చితే కలకత్తా వెళ్లిపోవడమే. అన్నయ్య ముందే ఇంటికొచ్చి, బూట్లకు ఆముదం రాసి ఎండలో పెట్టుకున్నాడు. కలకత్తా మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అమ్మ మాత్రం ఒక చిన్న జాడీలోకి ఆవకాయ వేరే తీసిపెట్టింది.

ఆ ఉదయం నాకు ఒళ్లు తెలియని జ్వరం. అమ్మ మంచం పక్కనే కూర్చుని, ఆ రాగిచెంబులోనే గుడ్డ తడిపి నా నుదుటి మీద వేస్తోంది. నాన్నగారు మందు కోసం వెళ్లారు. దొడ్డితలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. అమ్మ నన్ను వదిలి కదలలేక, మంచి ఎదురు కనిపించేదాకా గుమ్మం దిగొద్దని అన్నయ్యకు లోపల్నించే చెప్పింది. కాసేపటికి తను మెట్లు దిగిన చప్పుడు అమ్మకి వినిపించింది.

తర్వాత సంగతి జట్టులోవాళ్లు చెప్పారు. ఆట మొదలైన కాసేపటికే బంతి అన్నయ్య కాలికొచ్చింది. దగ్గర్లో అవతలివాళ్లు ఒక్కరూ లేరు. ఎడమకాలు ఎత్తాడు. నేల మీదున్న కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆ చప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్లకి కూడా వినిపించిందట. ఎవరూ తగల్లేదని, నేల చదునుగానే ఉందని అందరూ ఒకే మాట చెప్పారు.

కట్టుతో ఇంటికొచ్చాక అన్నయ్య నాతో మాట్లాడలేదు. అన్నం నేను పెడితే తినేవాడు కాదు. కాలి నొప్పి అనుకున్నాను. చివరికి ఒకరోజు తనే అడిగాడు.

"చెంబు ఖాళీగా ఎందుకు తెచ్చావే?"

నాకు అర్థం కాలేదు. మూల మీద నుంచి నేను వచ్చానట. తలెత్తి, తననే చూసి నవ్వుతూ వచ్చానట. చెంబు చేత్తో ఊపుకుంటూ వస్తుంటే అందులో నీళ్లు లేవని తెలిసిందట. నీళ్లు పట్టడం జ్వరంలో మర్చిపోయుంటానని, ఇన్నాళ్లకి నవ్వాను కదా అదే చాలని అనుకుని మెట్లు దిగాడట.

"అది మంచం దిగలేదురా. చెంబు నా దగ్గరే ఉంది" అంది అమ్మ.

నన్ను వెనకేసుకొస్తోందనుకున్నాడు. తన కాలు పోయింది నా వల్లేనన్నట్టు చూశాడు. ఒళ్లు తెలియని జ్వరంలో ఉన్నదాన్ని, నా తరఫున నేనేం చెప్పను?

ఆ వారంలోనే సుబ్బయ్యగారు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చారు. వస్తూనే అమ్మ మీద కోప్పడ్డారు. "ఆవేళ అంత జ్వరంలో పిల్లని వీధిలోకి పంపుతారా అండీ? నేను పలకరిస్తే నవ్వేసి వెళ్లిపోయింది. ఆ పిల్ల నవ్వగా నేనెప్పుడూ చూడలేదు."

అమ్మ లేచి వెళ్లి దొడ్డిగొళ్లెం వంక చూసి వచ్చింది. అన్నయ్య నా వైపు తిరిగాడు. కోపం పోయింది. దాని బదులు వచ్చింది భయం.

కాలు కాస్త పొట్టిగా అతికింది. మిల్లువాళ్లు ఇంకొకర్ని తీసుకున్నారు. ఉద్యోగమొచ్చిన రెండేళ్లలోనే ఆట అయిపోయింది. బూట్లు అటక మీదున్నాయి.

నేనే ఒళ్లు తెలియకుండా లేచి వెళ్లానా అంటే గొళ్లెం పెట్టే ఉంది, అమ్మ కదల్లేదు. వేరే పిల్లనా అంటే సుబ్బయ్యగారు నన్ను పుట్టినప్పట్నుంచీ ఎరుగుదురు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అందలేదు.

పోయిన ఏడాది అన్నయ్యకు రాజమండ్రిలో చిన్న ఉద్యోగం దొరికింది. బయల్దేరే రోజు అమ్మ మళ్లీ నా చేతికి చెంబిచ్చింది. నిండా నీళ్లతో మూల మీద నిలబడ్డాను. కుంటుతూనైనా కొత్త చొక్కాలో గుమ్మంలోకి వచ్చిన అన్నయ్యని చూసి, ఆ సంతోషంలో మర్చిపోయి తలెత్తి నవ్వాను.

అన్నయ్య మెట్టు మీదే ఆగిపోయాడు. వెనక్కి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

"అమ్మా, చెల్లాయి గదిలో ఉందేమో చూడు" అనడం వీధిలోకి వినిపించింది.

అమ్మ చూసొచ్చి లేదని చెప్పాకే తలుపు తీశాడు. అప్పటికి నేను తల దించేసుకున్నాను.